ముందు ఆకు, తర్వాతే కాయ: కష్టకాలంలో పెరటి తోట

సంపాదించే మనిషి మంచాన పడినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, అయినవాళ్లు దూరమైనప్పుడు చాలా ఇళ్లలో చూపు పెరటి మీదికి మళ్లుతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన కొద్ది వారాలకే ఎన్నో మేడల మీద పాత బకెట్లు, పగిలిన టబ్బులు మట్టితో నిండాయి. అదే వసంతంలో అమెరికాలో కొన్ని విత్తనాల కంపెనీలు తాకిడి తట్టుకోలేక కొన్నాళ్లు కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేశాయి. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కి అక్కడి బియ్యం రావడం ఆగిపోయినప్పుడు కూడా ఇండియాలో ‘గ్రో మోర్ ఫుడ్’ పేరుతో ప్రభుత్వమే ప్రచారం మొదలుపెట్టింది. కష్టం వస్తే మట్టి గుర్తుకు రావడం కొత్తేమీ కాదు.

అలా మొదలైన తోటల్లో ఎన్నో మూడో నెల కల్లా ఎండిపోతాయి. బద్ధకమో, చేయి మంచిది కాకపోవడమో దీనికి కారణమని అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు తప్పు నాటే వరుసలో ఉంటుంది. మొదటి రోజే టమాటా, క్యాప్సికం, వంగ నాటుతారు. నారు పోసిన నాటి నుంచి టమాటా చేతికి రావడానికి మూడు నెలలు పడుతుంది. మనసు బాగోలేని ఇంట్లో మూడు నెలలు చాలా ఎక్కువ. ఈలోపు తెల్లదోమ వచ్చి ఆకు ముడుచుకుపోతే, ఉన్న దిగులుకు ఇదొకటి తోడవుతుంది. పెరడు ఇచ్చే ఊరట ఏ విత్తనం ముందు వేశారు, ఏది తర్వాత వేశారు అన్నదాని మీదే ఎక్కువగా నిలుస్తుంది. త్వరగా ఫలితం ఇచ్చేవి ముందు, కాయలు తర్వాత, చెట్లు పక్కన. ఇక్కడ చెప్పేదంతా ఆ వరుస గురించే.

మొదటి నెల

మొదటి విత్తనం కొనక్కర్లేదు, పోపుల డబ్బాలోనే ఉంటుంది. గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున వెడల్పాటి తొట్టెలో రెండు అంగుళాల మట్టి పైన పలచగా పరిచి, వేలి గోరు మందాన మట్టి కప్పితే మూడో రోజుకు మొలక పైకి వస్తుంది. రెండు వారాలకు వేలెడు మెంతికూర పప్పులోకి కోసుకోవచ్చు. ధనియాలు కూడా అంతే, కాకపోతే నేల మీద పోసి చెప్పుతోనో చపాతీ కర్రతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేయాలి. గుండ్రంగా కనిపించే ధనియంలో ఉండేది రెండు గింజలు. అవి విడిపోతే మొలక సులువు. కొత్తిమీర మొలవడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఇది తెలియక వారానికే మొలవలేదనుకుని మట్టి తిరగేసేవాళ్లు ఎక్కువ. ఏప్రిల్, మే ఎండల్లో కొత్తిమీర జోలికి పోకపోవడం మంచిది. వేసినా నీడ ఉన్నచోటే వేయాలి.

బజారు నుంచి తెచ్చిన పుదీనా కట్టలో ముదురు కాడలు నాలుగు తీసి, కింది ఆకులు దూసి గ్లాసు నీళ్లలో పెడితే వారంలో వేళ్లు వస్తాయి. బచ్చలి, పొన్నగంటి కాడలైతే నేరుగా మట్టిలో గుచ్చినా బతుకుతాయి. వీటిలో దేనికీ రూపాయి ఖర్చు లేదు.

తర్వాత తోటకూర. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి చాలు. మడి నాలుగడుగులకు మించి వెడల్పు ఉంటే మధ్యకు చేయి అందదు, లోపల అడుగు పెట్టాల్సి వస్తుంది, తొక్కిన మట్టి గట్టిపడుతుంది. జానెడు లోతున తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు నాలుగైదు కిలోలు, వేపపిండి 200 గ్రాములు కలపాలి. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి మట్టి వాసనే వస్తుంది. పేడ వాసన వస్తే ఇంకా మాగలేదన్నమాట. పచ్చి పేడ వేడికి లేత వేళ్లు మాడతాయి, పైగా వేరుపురుగు, చెదలు దానికే చేరతాయి. ఒక టీస్పూను తోటకూర గింజల్లో నాలుగు టీస్పూన్ల సన్న ఇసుక కలిపి చల్లాలి. గింజ ఆవగింజ కంటే చిన్నది కాబట్టి ఇసుక లేకుండా చల్లితే ఒకేచోట కుప్ప పడుతుంది. ఒత్తుగా మొలిచి, పైన నీరు ఎక్కువైతే కాడ మొదట్లో మెత్తబడి మొక్కలు గుంపుగా వాలిపోతాయి. దాన్నే నారుకుళ్లు అంటారు. గింజ మీద మట్టి వేయకుండా చేత్తో పైపైన కలిపి, చిల్లుల డబ్బాతో తడపాలి. చీమలు గింజలు మోసుకుపోకుండా మడి గట్టు చుట్టూ బూడిద చల్లాలి.

మూడో నాలుగో రోజు పొద్దున వంగి చూస్తే మట్టి మీద ఎర్రటి నూగు కనిపిస్తుంది. ఎర్ర తోటకూర మొలకలు గుండుసూది తలంత ఉంటాయి. మధ్యాహ్నానికి తలవాల్చినట్టుండి సాయంత్రం నీళ్ల తర్వాత మళ్లీ నిలబడతాయి. ఇరవై ఇరవై అయిదు రోజులకు ఒత్తుగా ఉన్నచోట వేళ్లతో సహా పీకితే అదే మొదటి కూర. మిగిలినవాటిని నేల నుంచి బెత్తెడు పైన కోస్తూ పోతే మళ్లీ చిగురిస్తాయి.

మడి మొత్తం ఒకే రోజు చల్లకూడదు. మూడు భాగాలు చేసి పది రోజుల తేడాతో చల్లాలి. ఒకేసారి చల్లితే ఒక వారం తినలేనంత కూర, ఆ తర్వాత ఉత్త మట్టి. పది రోజులకోసారి చల్లితే ఎప్పుడూ ఒక భాగం మొలుస్తూ, ఒకటి పెరుగుతూ, ఒకటి కోతకొస్తూ ఉంటుంది. రేపు చూడటానికి పెరట్లో ఏదో ఒకటి ఉండటం దిగులుగా ఉన్న మనిషికి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. మంచం మీద నుంచి లేవడానికి అదొక సాకు.

నీళ్లను బట్టే తోట

పెరడు ఎంత ఉందన్నదాని కంటే నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం. మే నెలలో చదరపు మీటరు మడి రోజుకు ఆరేడు లీటర్లు తాగుతుంది. అరసెంటు, అంటే సుమారు 20 చదరపు మీటర్లు సాగు చేస్తే రోజుకు 120 నుంచి 140 లీటర్లు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్లు నలుగురున్న ఇంట్లో పది పదిహేను లీటర్లకు మించవు. అంటే వంటింటి నీళ్లతో వేసవిలో బతికేది రెండు చదరపు మీటర్లు మాత్రమే. ట్యాంకర్ కొనుక్కునే కాలనీలో ఈ లెక్క వేసుకోకుండా పది మడులు చేస్తే కూర కంటే నీళ్ల ఖర్చే ఎక్కువవుతుంది. వేసవిలో తోటను కుదించి, మృగశిర కార్తెకు, అంటే జూన్ రెండో వారానికి, మళ్లీ పెంచుకోవడమే తెలివైన పని. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో కొత్త నారు బతకడం కష్టం.

మడి మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో కప్పితే తడి ఎక్కువసేపు నిలుస్తుంది, కలుపు కూడా తగ్గుతుంది. అయితే కప్పు మొక్క మొదలుకు ఆనకూడదు, ఆనితే కాండం కుళ్లుతుంది. అంట్లు తోమిన సబ్బు నీళ్లు ఆకుకూరలకు వద్దు. ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువ. బోరు నీరే ఉప్పగా ఉన్న ఊళ్లలో వాటిని రోజూ పోస్తే కొన్ని నెలలకు ఆకు అంచులు మాడినట్టవుతాయి, మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది. అప్పుడు వాన నీటితో మట్టిని బాగా తడిపి, ఉప్పు కిందికి కడిగేయడం తప్ప మార్గం లేదు.

మేడ మీదైతే బరువు చూసుకోవాలి. 12 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న సంచిలో సుమారు 22 లీటర్ల మట్టి పడుతుంది. తడిస్తే పాతిక కిలోలు దాటుతుంది. ఇలాంటివి పాతిక ఉంటే ఆరొందల కిలోల పైమాటే. గోడల మీదుగా, దూలాల మీదుగా పేర్చాలి గానీ స్లాబు మధ్యలో కాదు. మట్టి, మాగిన ఎరువు, కొబ్బరి పొట్టు మూడూ సమపాళ్లలో కలిపితే బరువు కొంత తగ్గుతుంది. కుండీల కింద పెట్టే పళ్లాల్లో నీళ్లు నిలవనివ్వకూడదు. డెంగీ దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి వారం పది రోజులు చాలు. ఇంట్లో ఇప్పటికే ఒకరు జబ్బుతో ఉంటే ఇది మరీ ముఖ్యం.

పదిరోజులు పట్టించుకోకపోయినా బతికేవి

ఆస్పత్రిలో ఎవరో ఒకరు ఉండాల్సిన ఇల్లు, మైలపట్టిన ఇల్లు, ఊరు మారి తిరిగే ఇల్లు, ఇలాంటి చోట రోజూ నీళ్లు పోసే తీరిక ఉండదు. అందుకే పెరట్లో సగభాగమైనా మొండి మొక్కలకు ఇవ్వాలి. కరివేపాకు, మునగ, దొండ, బచ్చలి, గోంగూర. ఒకసారి వేళ్లూనాయంటే ఇవి నేలలో పదిరోజులు నీళ్లు లేకున్నా తట్టుకుంటాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మునగ, కరివేపాకు విషయంలో మాత్రం ఆ చిన్నచూపు మానుకోవాలి. మునగలో పీకేఎం-1 రకం గింజ నాటిన ఆరేడు నెలల నుంచే కాస్తుంది. ఏడాదికోసారి నేల నుంచి మూడడుగుల ఎత్తున నరికితే చేతికందే కొమ్మలు వస్తాయి. నరకకపోతే కాయలన్నీ మిద్దె దాటి పైన కాస్తాయి, ఆకు కూడా అందదు.

దొండను గింజతో వేయరు. కాసే తీగ నుంచి పెన్సిలు మందం ఉన్న ముదురు కాండం జానెడు ముక్కలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు గుచ్చుతారు. ఆడ తీగ నుంచే ముక్క తీసుకోవాలి, మగ తీగ ఎంత పెరిగినా కాయదు. పందిరి గట్టిగా వేస్తే ఒక పాదు ఏళ్ల తరబడి ఉంటుంది. న్యూజెర్సీ లాంటి చలి ప్రాంతాల్లోని తెలుగువాళ్లు దీన్ని కుండీలో పెంచి, మంచు పడేలోపు తీగ కోసేసి దుంపను ఇంట్లో పెట్టుకుంటారు, మే నెల మధ్యలో మళ్లీ బయట పెడతారు. గోంగూరతో వాళ్లకు వేరే చిక్కు. పగటి పొద్దు తగ్గగానే పూతకు వస్తుంది కాబట్టి ఆలస్యంగా వేస్తే ఆకు కోసేలోపే మొగ్గ వేస్తుంది.

కాయల వంతు, వచ్చే తిప్పలు

ఆకుకూర రెండుసార్లు కోశాక, చేయి కుదిరాక, అప్పుడు బెండ. రాత్రి నానబెట్టిన గింజ అంగుళం లోతున, అడుగున్నర దూరంలో వేస్తే 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ. రెండు రోజులకోసారి కోయాలి. ఒక్కరోజు మరిచినా పీచు కడుతుంది, ముదురు కాయ మొక్క మీద ఉంటే కొత్త పూత మందగిస్తుంది. ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరిగి వలలా కనిపిస్తే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు. మొక్కను పీకి కాల్చేయడమే. ఎంతో ఆశగా పెంచిన మొక్కను పీకలేక వదిలేస్తే పది రోజుల్లో వరుసంతా పోతుంది.

వంగలో లేత కొమ్మ చివర ఉన్నట్టుండి వాలిపోతే నీళ్లు చాలలేదనుకుంటారు. ఆ కొమ్మను చీల్చి చూస్తే లోపల గులాబి రంగు పురుగు ఉంటుంది. అదే తర్వాత కాయల్లోకి వెళుతుంది. వాలిన చోటుకు అంగుళం కింద తుంచి, తుంచినదాన్ని పెరట్లో పడేయకుండా నాశనం చేయాలి. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగబడిన దోనెలా ముడుచుకుంటే నల్లి. రెండింటికీ ఒకే మందు కొట్టి ప్రయోజనం లేదు. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు, అదీ చల్లటి పూట మాత్రమే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడితే అది పురుగు పనీ కాదు, తెగులూ కాదు. ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తినప్పుడు కాయకు కాల్షియం అందక వచ్చే కుళ్లు. నీళ్లు ఒకే తీరులో పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

మిగతా రసం పీల్చే పురుగులకు వేపగింజల కషాయం చాలు. 50 గ్రాముల వేప పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. పురుగు వెంటనే చావదు, తినడం మానేస్తుంది. అందుకని ఒక్కసారి కొట్టి పనిచేయలేదని వదిలేయకుండా వారానికోసారి మూడు వారాలు కొట్టాలి. పొలంలో పంటకు రైతు కొట్టే ఘాటైన మందులు పెరట్లోకి తేవద్దు. అక్కడే పిల్లలు తిరుగుతారు, అక్కడి ఆకే ఆ పూట పప్పులో పడుతుంది.

సొరపాదు ఉన్న ఇంట్లో సాయంత్రం చేయాల్సిన పని ఒకటి ఉంటుంది. సొరపువ్వు పొద్దుగుంకే వేళ తెల్లగా విచ్చుకుని మర్నాడు వాడిపోతుంది. మొదట పది రోజులు సన్నటి కాడ మీద మగపూలే వస్తాయి, అవి రాలిపోతుంటే కంగారుపడక్కర్లేదు. తర్వాత పువ్వు కింద వేలి కొసంత నూగు సొరకాయతో ఆడపువ్వు వస్తుంది. మేడ మీదికి రాత్రి పురుగులు తక్కువగా వస్తాయి కాబట్టి చేత్తోనే జత చేయాలి. మగపువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యలోని పుప్పొడి భాగాన్ని ఆడపువ్వు లోపల మూడువైపులా మెల్లగా అద్దాలి. కుదిరితే నాలుగో రోజుకు పిందె కిందికి వంగి మెరుస్తుంది. కుదరకపోతే పసుపుపచ్చగా మారి రాలుతుంది. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. కాకర, దోస, గుమ్మడి పొద్దున. పిందె నిలిచాక పండు ఈగ కుట్టకుండా రెండు వారాలు పలచటి గుడ్డ సంచి తొడిగితే చాలు. పొట్లకాయకు చివర చిన్న రాయి కట్టడం మాత్రం పాతకాలం వాళ్లు చెప్పినట్టే చేయాలి, లేకుంటే చుట్టలు తిరుగుతుంది. తెలంగాణ పట్టణాల శివార్లలో కోతుల బెడద ఉన్నచోట ఈ శ్రమంతా ఒక్క పూటలో పోవచ్చు. అక్కడ కాకర, మిర్చి, కరివేపాకు లాంటివాటికి ఎక్కువ చోటివ్వాలి, వాటిని కోతులు తక్కువగా ముట్టుకుంటాయి.

పెరడు ఏం తీరుస్తుంది, ఏం తీర్చలేదు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో ఆకుకూర 100 గ్రాములు. నలుగురికి రోజుకు 1,600 గ్రాములు. పైన చెప్పిన ఆరడుగుల మడి ఒక దఫా పంటలో ఇచ్చేది కిలోన్నర, మహా అయితే రెండు కిలోలు. అలాంటివి నాలుగు మడులున్నా ఇంటికి కావాల్సిన కూరలన్నీ రావు. ఆకుకూరలో పెద్ద భాగం, కరివేపాకు, పుదీనా మొత్తం, వారానికి రెండు మూడు కాయకూరలు వస్తాయి. పెరడు పెడితే కూరల ఖర్చే ఉండదని చెప్పడం, కష్టంలో ఉన్న ఇంటికి అబద్ధపు ఆశ పెట్టడమే.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. బజారులో ధర మండిపోయినప్పుడు పెరడూ అదే కూర ఇవ్వలేదు. 2023 జులైలో దేశంలో చాలాచోట్ల టమాటా కిలో 150 దాటి, కొన్ని నగరాల్లో 200 పైకి పోయింది. ఎండ ముదిరి పూత నిలవకపోవడం లాంటి ఇబ్బందులు రైతు పొలానికెంతో పెరటి మొక్కకూ అంతే. పగలు 38 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది, మొక్క ఎవరిదైనా సరే. అలాంటి నెలలో అక్కరకొచ్చేది గోంగూర, చుక్కకూర. పప్పుకు కావాల్సిన పులుపు వాటి నుంచి వస్తుంది. టమాటా లేకపోయినా కూర ఆగకపోవడమే పెరడు చేసే మేలు.

జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఒక జాగ్రత్త. మూత్రపిండాల్లో రాళ్లున్నవారికి పాలకూర, తోటకూర, చుక్కకూర ఎక్కువైతే మంచిది కాదు, వాటిలో రాళ్లు పెంచే ఆక్సలేట్లు ఎక్కువ. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వేసుకునేవారు ఆకుకూర ఒక్కసారిగా పెంచడం, మానేయడం చేయకూడదు. కోతకొచ్చింది కదా అని వారమంతా పాలకూరే వండితే మందు లెక్క తప్పుతుంది. డాక్టరుకు చెప్పి, వారానికింత అని నిలకడగా తినాలి. మనసు విషయంలోనూ అంతే. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదన్న మాట వస్తే మడి దగ్గరికి పంపడం చాలదు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

కష్టంలో ఉన్న ఇంటికి అందరూ ఏదో ఒకటి ఇచ్చిపోతుంటారు. కొన్నాళ్లకు తీసుకోవడమే బరువైపోతుంది. ఆ ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు ఉంటే పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని వచ్చి “పెద్దమ్మా, అమ్మ రెండు రెబ్బలు కోసుకురమ్మంది” అంటుంది. రెండు రెబ్బలతో పాటు లేత సొరకాయ ఒకటి ఆ గిన్నెలో పడుతుంది. ఆ రోజు ఇచ్చే చేయి ఈ ఇంటిదే. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టడానికి, ఆకుల మీద పరమాన్నం పెట్టడానికి వీధంతా ఒక్క పందిరి దగ్గరికే రావడం ఇప్పటికీ పల్లెల్లో చూడొచ్చు.

మొదటి ఏడాది పంటలో బాగా కాసిన బీరపాదు మీద రెండో మూడో కాయను కోయకుండా వదిలేయాలి. పచ్చరంగు పోయి గోధుమ రంగుకు తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాక దించి, కొస విరిచి తలకిందులుగా కొడితే నల్లటి గింజలు రాలతాయి. నాటురకమైతేనే ఈ పని, హైబ్రిడ్ గింజ తల్లిలా కాయదు. నీడలో వారం ఆరబెట్టి, బూడిద కలిపి గుడ్డ మూట కట్టి, రకం పేరు, కోసిన నెల కాగితం మీద రాసి సీసాలో పెడితే వచ్చే మృగశిరకు పాదు చేసుకోవచ్చు. ఒక్క కాయలోనే వందకు పైగా గింజలుంటాయి. ఇంటికి కావాల్సినవి నాలుగు. మిగతావి పంచిపెట్టడానికి.